ఏ బటనూ అడగని మాట

నా పేరు షాహీదా. వయసు ఇరవై నాలుగు. తండ్రి జిలానీ, మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల బండి. నివాసం రెజిమెంటల్ బజార్. కార్ఖానా ఏరియాలో ఆర్థర్ గారి చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. ఎస్.ఐ. రామభద్రరావు గారు అడిగినందున 2009 ఆగస్టు 11న, పగలు పదకొండు గంటలకు స్టేషన్‌లో చెబుతున్నాను.

జూన్‌లో జకర్యా గారు, ఆయన భార్య ప్రేమమణి గారు మా ఆఫీసుకు వచ్చారు. ఆయన స్కూలు టీచరు. గొంతు క్యాన్సర్. ఆపరేషన్ అయితే మాట పోతుందని డాక్టర్లు చెప్పారు. బటన్ నొక్కితే ఆయన గొంతుతోనే మాట వినిపించే పెట్టె కావాలన్నారు. చప్పుడు రాకూడదని ప్రేమమణి గారిని బయట కూర్చోబెట్టి మాటలు రికార్డు చేశాను. నీళ్లు, నొప్పి, చలి, ప్రార్థన, ఇలా ఎనిమిది. తర్వాత ఆయనే తొమ్మిదోది చెప్పారు. భార్య పేరు. చెప్పి నవ్వారు. "ఇరవై ఆరేండ్లు 'ఇదిగో' అనే పిలిచిన. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే అన్నం పెడ్తదో లేదో" అన్నారు.

పెట్టెకు ఎనిమిదే బటన్లు. ఆపరేషన్ అయ్యాక ఏవి ఉంచాలని అడిగితే పలక మీద రాశారు: "పేరుకు బటన్ వద్దు. ఆమె పక్కనే ఉంటది కదా."

చిప్‌లో చోటు తక్కువ. అందుకని ఒక్కో మాట శబ్దాన్ని ఒక్కో మారని అంకెల పట్టికగా, విడివిడిగా రాశాను. ఏ బటనూ అడగని పట్టికను, నేను రాసినదాన్ని చిప్ భాషలోకి మార్చే కంపైలరే వదిలేస్తుంది, చిప్‌లోకి పంపదు. అలా వదిలెయ్యడానికి వీలుగా రాయడమే నా పని. బాగా రాశావని ఆర్థర్ గారు మెచ్చుకున్నారు. బటన్ లేకపోతే పేరు పెట్టెలోకే వెళ్లదని నేను జకర్యా గారికి చెప్పలేదు. ఆయనకు తెలుసనుకున్నాను.

జూలైలో మా కంప్యూటర్ హార్డ్‌డిస్క్ కాలిపోయింది. రికార్డులన్నీ పోయాయి. ఆ నెలాఖరున జకర్యా గారు చనిపోయారు. పోయేముందు భార్యకు పలక మీద రాశారట, "పెట్టెల నీ పేరు చెప్పిన" అని.

ఆమె పెట్టె పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. అందులో లేదన్నాను. నమ్మలేదు. ఆయన గొంతును కంపెనీ దాచుకుందని ఇక్కడ ఫిర్యాదు ఇచ్చారు.

తుడిచేసినవా అని ఎస్.ఐ. గారు అడిగారు. "తుడవలే సార్. ఎక్కనే లేదు" అన్నాను. కనీసం దాని చోటు ఖాళీగా ఉందా అన్నారు. ఉండదు. పక్క మాట జరిగి నిండిపోతుంది.

ఆ పేరును నేను చాలాసార్లు విన్నాను. 'ప్రేమ' అన్నాక ఆయన కొంచెం ఆగి 'మణి' అన్నారు. ఆ ఆగడం చోటు తింటుందని నేనే కత్తిరించాను.

ప్రేమమణి గారు ఇక్కడే బెంచీ మీద ఉన్నారు. "ఎట్ల అన్నరో జెర నువ్వు అని చూపియ్యి బిడ్డా" అన్నారు. అన్నాను. ఆయన ఆగిన చోట ఆగాను. ఆమె ఒడిలో పెట్టె బటన్ నొక్కారు. జకర్యా గారి గొంతు "నీళ్లు" అంది. కానిస్టేబుల్ లేచి గ్లాసు తెచ్చి పెట్టాడు. ఆమె తాగలేదు.

నేను చెప్పింది ఇదే. రాసినదాన్ని నేనే చదువుకున్నాను, ఇందులో అబద్ధం లేదు. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టేది నేనొక్కదాన్నే.

(సం.) షాహీదా