రెండోసారి వచ్చే పాట

సికింద్రాబాద్ స్టేషన్ ఎదురు సందులో పాటల రికార్డింగు దుకాణం. 2004, ఒక శనివారం మధ్యాహ్నం. దుకాణం మధుసూదన్‌ది. పాత క్యాసెట్టును సీడీ చేయించుకోవడానికి దేవిక వచ్చింది.

"జానర్ అంటే ఏందమ్మా? గిక్కడ గడి ఖాళీ పెడితే ముందటికి పోతలేదు."

"పాట ఏ రకమో రాయాలండి. ప్రేమ, భక్తి, జానపదం, అలాగ. లవ్ అని కొట్టేయండి."

"మా కొడుకు హరికిషన్ పెట్టిపోయిండు ఈ కంప్యూటర్. వానికి సాఫ్ట్‌వేర్ల నౌకరొచ్చింది, నన్ను దీంతోని ఇరికిచ్చి పోయిండు. లవ్ అని ఆరు పాటలకూ కొట్టాల్నా?"

"ఆరింటికీ."

"పడవ పాట లవ్ ఎట్లయితది? అది హుషారు. ఊరు ఊరంతా ఎగురుతది అండ్ల. పాతికేండ్ల సంది నా దుకాణంల అది హుషారు ఖానాలనే, గా అరలనే ఉన్నది."

"పడవలో ఉన్నది హీరో హీరోయినే కదండీ."

"ఇద్దరున్నంత మాత్రాన డ్యూయెట్ అయితదా? ఆమె ఒక్క ముక్క పాడదు. నవ్వుతది, గంతే."

"సరే, గొడుగు పాట?"

"గొడుగు పాట వాన పాట."

"వాన పాట అనేది ఒక రకమా?"

"ఎయిటీస్ల సగం పాటలు వానలనే తీసిండ్రు. దానికి అలగ్ ఖానా పెట్టకపోతే దుకాణం నడుస్తదా? కాలేజీ పోరగాండ్లు వచ్చి, అన్నా ఒక గంట వాన ఎక్కియ్యి అనేటోళ్ళు. పాటలు గాదు, వాన."

"ఊయల పాట?"

"జోల పాట."

"హీరోయిన్‌ని ఊపుతూ పాడితే జోల పాటా?"

"ఆమె నిద్రపోతది గదమ్మా ఆఖరుకు. నిద్రపోతే జోల పాటనే."

"ఉత్తరం పాట? అదైనా ప్రేమే కదా."

"గజల్ బాపతు అది. లవ్ అంటే అదొక్కటి అనొచ్చు గానీ, నేను అననీయ. మీ అన్న ఉంటే గిప్పటికే నాతోని కొట్లాట షురూ చేసెటోడు."

"మా అన్నయ్య మీకు గుర్తున్నాడా?"

"ఎవరు?"

"ఇప్పుడే అన్నారు కదా, మీ అన్న అని. ఇది అన్నయ్య క్యాసెట్ అని నేను చెప్పలేదు."

"చెప్పలేదా?"

"లేదండి. సీడీ చేసివ్వమన్నాను, అంతే."

"అట్ట మీద రాత నాది గద. కింద ఆర్.బి. అని ఉన్నది. రమణబాబు. రాత సూస్తే మనిషి యాదికొస్తడు. ఆగుండి, క్యాసెట్ల మొదటి పాట అయిపోవస్తున్నది, కంప్యూటర్ల ముక్క చెయ్యాలె."

"ఇదేంటి, మళ్ళీ పడవ పాటే మొదలైంది?"

"రెండుసార్లు ఎక్కిచ్చిన."

"ప్రతి పాటా?"

"ప్రతి పాటా. ఇన్నేండ్లు విన్నరు గద, మీకు తెల్వదా?"

"పాటలన్నీ తెలిసినవేనండి. అవి సరే గానీ, మధుసూదన్ గారూ, సీడీ అనేది ఒక వంక. ఆఫీసు బస్సులోంచి మీ బోర్డు చూశాను. నెలాఖరుకి దుకాణం తీసేస్తున్నాం, పాత క్యాసెట్లు ఉంటే తెచ్చుకోండి అని."

"సెల్‌ఫోన్లోళ్ళు తీసుకుంటున్నరు జాగ. పాటలు గిట్ల ఎవలు కొంటున్నరిప్పుడు?"

"పదహారేళ్ళుగా ఈ సందులోకి అడుగు పెట్టలేదు నేను. మీరు కూడా వెళ్ళిపోతే అడగడానికి ఇంకెవరూ ఉండరనిపించింది."

"ఏం అడుగుతరు?"

"అన్నయ్య రైల్లోంచి పడి చనిపోయాడని తెలుసు కదా మీకు."

"తెలుసు."

"జారిపడ్డాడా, దూకాడా? అదొక్కటే నాకు తెలియాలి. కాగితాల్లో కాలు జారి అని ఉంది. మా అమ్మ ఇప్పటికీ, నా బిడ్డ జారిపోనాడే, దూకే రకం కాదు అంటుంది. మా బాబాయి మాత్రం, చెప్పులు తలుపు దగ్గర జతగా విడిచి ఉన్నాయట, ఎవరో చూశారట అంటాడు. మా ఆయన కల్యాణ్ అయితే, ఇన్నేళ్ళ తర్వాత తెలిసి ఏం చేస్తావు అంటాడు. నేనేం చేస్తాను? నిద్రపోతాను."

"గది నాకెట్ల తెలుస్తదమ్మా?"

"ఈ క్యాసెట్ చేయించింది ఆ ముందు వారమే. ఆరూ ప్రేమ పాటలు. చావాలనుకున్నవాడు డ్యూయెట్లు ఎక్కించుకుంటాడా చెప్పండి. అందుకే లవ్ అని రాయమంటున్నాను. ఎక్కించిన మనిషి చేత్తో ఆ మాట రాయించుకుంటే చాలు నాకు."

"అయితే లవ్ అనే రాస్త. ఆరింటికీ రాస్త. ఇగో, రాసేసిన."

"ఇందాక వాన అన్నారు, జోల అన్నారు."

"గిరాకీతోని గట్లనే ముచ్చట పెడుతం. లవ్వే. లవ్ గాకపోతే ఏందది?"

"నా వైపు చూసి చెప్పడం లేదు మీరు."

"కంప్యూటర్ దిక్కు సూడాలె గదమ్మా, లేకపోతే తప్పు పడతది."

"మా అన్నయ్య మీతో ఎప్పుడు కొట్లాడేవాడు? ఆదివారాలు వచ్చేవాడా?"

"గప్పుడు ఆదివారం బంద్ ఉంటుండె."

"మరి?"

"రోజూ వచ్చెటోడు. సీతాఫల్‌మండిల రైలెక్కి, తొమ్మిదిన్నరకు క్యారియర్ పట్టుకొని గా స్టూలు మీద కూసునేటోడు. ఐదున్నరకు లేచెటోడు. నాలుగు నెలలు."

"నాలుగు నెలలు."

"మీకు తెల్వదనుకుంట."

"ఉద్యోగం తీసేశారన్నది అన్నయ్య పోయిన పన్నెండో రోజున తెలిసింది. అన్నయ్యతో వర్క్‌షాపులో పనిచేసిన ఆయన ఎవరో వచ్చి చెప్పాడు. అమ్మ నమ్మలేదు. రోజూ క్యారియర్ తీసుకుని డ్యూటీకి వెళ్ళేవాడు కదా, ఏటి మాటలివి అంది. ఆ నాలుగు నెలలూ ఎక్కడ కూర్చున్నాడో ఇవాళ తెలిసింది."

"నాకు సుత షురువుల తెల్వదు. లీవుల ఉన్న అన్నడు. నెల దాటినంక సమజైంది గానీ అడుగలే. అడిగితే రాడేమో అనిపిచ్చింది. మంచిగుండేది ఆయన కూసుంటే."

"క్యారియర్ నేనే కట్టేదాన్ని. ఖాళీ చేసి తెచ్చేవాడు."

"నాకు పెట్టెటోడు సగం. వంకాయ కూరుంటే మొత్తం నాకే."

"వంకాయ తినడు. అమ్మకి తెలీదు, నాకు తెలుసు. అయినా కట్టేదాన్ని. అంతసేపూ ఏం మాట్లాడుకునేవారు?"

"గిదే. ఏ పాట ఏ ఖానాల పెట్టాలె. నేను అట్ట మీద రాస్తుంటి, ఆయన కొట్టేస్తుండె. ఊయల పాట జోల పాట అన్నది సుత ఆయనే, నేను గాదు."

"ఆయనా?"

"నాది లవ్. ఆయనది జోల. ఓడిపోయి మార్చిన. ఇంకొకటి కాడ అయితే నెల దినాలు నడిచింది పంచాది. గప్పటి సినిమాలల్ల ఒకటే పాట రెండుసార్లు వస్తుండె, యాదున్నదా? ఇంటర్వల్ ముందల సంతోషంగ. ఆఖరుకు అదే పాట, అవే మాటలు, మెల్లగ, ఏడుసుకుంట."

"బిట్ పాట."

"ఆఁ, బిట్. నిమిషంన్నర ఉంటది. నేను దాన్ని విషాదం ఖానాల పెడుతుంటి. ఆయన ఒప్పడు. మధన్నా, అది విషాదం కాదు, అదే పాట, మొదటిసారి వాడికి ముందేం జరుగుతుందో తెలీదు, రెండోసారి తెలుసు, అంతే తేడా అంటడు. దానికి పేరు పెట్టకండి, రెండోది అనండి చాలు అంటడు. నేను విషాదం అంటే ఆయన రెండోది. విషాదం, రెండోది. గిట్లనే పొద్దు గూకేది. ఆఖరుకు నాకే యాష్టకొచ్చి, రెండోది అని కొత్త అట్ట రాసి ఖానాకు అతికిచ్చిన. గదిగో, మీ నెత్తి మీద."

"రెండోది."

"ఇప్పటికీ తీయలే."

"ఈ క్యాసెట్‌కి ఆయన చీటీ రాసిచ్చాడా?"

"ఎవరైనా చీటీ రాసియ్యాలె."

"ఉందా?"

"పదహారేండ్ల చీటీ ఏడుంటదమ్మా. ఇగో, ఇంకో పాట అయిపొయింది. దీనికి సుత లవ్ అనే..."

"మీరు అట్ట తీయలేదన్నారు. చీటీ కూడా పారేసి ఉండరు."

"ఎందుకమ్మా అది? లవ్ అని రాసిన గద. మీరు అడిగిందే రాసిన గద."

"ఇవ్వండి."

"వద్దు."

"మధుసూదన్ గారూ, ఇవ్వండి."

"గల్లా పెట్టెల, అడుగున ఉన్నది. మీరే తీసుకోండి. నేను తీయలేను."

"పడవ పాట, రెండు. గొడుగు పాట, రెండు. ఊయల పాట, రెండు. అన్నిటి పక్కనా రెండు అంకె వేశాడు. ఏంటిది?"

"గిరాకీలు గట్ల వేసెటోళ్ళు. నచ్చిన పాట రెండుసార్లు ఎక్కియ్యమని. రివైండు కొట్టే తక్లీఫ్ ఉండదని."

"అందుకే ప్రతి పాటా రెండుసార్లు ఎక్కించారు."

"లగ్గాల సీజనమ్మా. దినాం ముప్పై క్యాసెట్లు. ఆయన చీటీ పెట్టి, చాయ తాగొస్త అని పోయిండు. నేను సూసిన. ఆరు పాటలు, రెండేసిసార్లు, గంట క్యాసెట్టు సరింగ నిండింది. ఎక్కిచ్చి పడేసిన."

"అయితే?"

"మిగిలింది ఖాళీగా వదిలెయ్యన్నా అని చెప్పిపోయిండు. ఏం మిగిలింది, ఏం మిగలలే గద అనుకున్న. పదిరోజులైనంక, చీటీలు గుచ్చే తీగె సాఫ్ చేస్తుంటే ఇది చేతికొచ్చింది. ఆరింటికి ఆరు, రెండోసారి వచ్చే పాటలమ్మా. ఆరింటికీ బిట్లున్నయి. తొమ్మిది నిమిషాలు. మిగిలిందంత ఖాళీ."

"రెండోవి అడిగాడు."

"రెండోవి అడిగిండు. ఆ ఒక్క మాట మీద నెల దినాలు కొట్లాడిన మనిషిని, నాకే సమజ్ కాలే. ఈ దునియాల ఆ చీటీ సదివి అర్థం చేసుకునేటోన్ని నేనొక్కన్నే. నేనేం జేసిన? లగ్గం క్యాసెట్టు లెక్క సంతోషం పాటలు రెండేసిసార్లు ఎక్కిచ్చిన."

"ఆయన విన్నాడా?"

"వినలే. ముక్క విని పో అంటే, నాకు కాదన్నా, మా చెల్లికి అన్నడు. నోటితో చెప్పడం నావల్ల కాదు, ఇది వింటే దానికి తెలుస్తుంది, అదే అడుగుతుంది అన్నడు. నేను ఇంకో గిరాకీ దిక్కు తిరిగిన. చెల్లెకు ఏం తెలియాలె అని ఒక్క మాట అడుగలే."

"అదే అడుగుతుంది అన్నాడా?"

"గట్లనే అన్నడు. ఇందాక మీరు ఆ క్యాసెట్టు బల్ల మీద పెట్టంగనే నా పానం పోయింది. పదహారేండ్ల సంది ఎదురుసూస్తున్న, ఎప్పుడో ఒకనాడు ఆ చెల్లె వస్తది, అడుగుతది అని. మీరు ఆ బిట్లు విని ఉంటే, ఏందన్నయ్యా ఇవి ఎందుకు తెచ్చినవ్ అని అడిగెటోరు. అడిగితే చెప్పెటోడు. చెప్తే బతికెటోడు. నేను మీ చేతుల హుషారు పాటలు పెట్టిన. తిట్టుండి నన్ను. ఎవరితోనన్న తిట్టిచ్చుకోవాలె నేను."

"దూకాడు."

"నేను సూడలేదమ్మా. కానీ అడిగినయి రెండోవి."

"అమ్మకి చెప్పలేను ఇది."

"చెప్పకుండి. జారిండనే ఉండనియ్యుండి ఆమెకు. ఇగో, అన్ని గడులల్ల లవ్ అనే ఉన్నది."

"తెచ్చిన సాయంత్రమే అడిగాడు, విన్నావా అని. పరీక్షలున్నాయి అన్నయ్యా అన్నాను. మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. నాకు విసుగొచ్చేది. ఐదో రోజు పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు. విన్నాను, చాలా బాగున్నాయి అన్నాను. అన్నీ విన్నావా అన్నాడు. అన్నీ విన్నాను, రోజూ అవే పెట్టుకుంటున్నాను అన్నాను. నన్నేమీ అడగవా అన్నాడు. ఏం అడగాలి, బాగున్నాయన్నాను కదా అన్నాను. సరేలే అని చెప్పులేసుకున్నాడు. క్యారియర్ గట్టు మీదే ఉండిపోయింది. మర్చిపోయాడనుకున్నాను."

"ఆ పొద్దేనా?"

"ఆ పొద్దే."

"అయ్యో బిడ్డా. అదే అంటున్న నేను. మీరు విన్నయి హుషారువి, బాగున్నయి అన్నరు. అండ్ల అబద్ధం ఏమున్నది? ఆయన అడిగింది ఒక పాట గురించి, మీరు చెప్పింది ఇంకో పాట గురించి. నడుమల నా చెయ్యి పడ్డది. మీ తప్పు ఇంత సుత లేదు."

"అలా అనకండి."

"ఎందుకనొద్దు? విన్నదే చెప్పిండ్రు మీరు."

"మధుసూదన్ గారూ."

"చెప్పు బిడ్డా."

"ఆ క్యాసెట్ నేను వినడం ఇవాళే మొదటిసారి."