నర్సమ్మ లెక్క

మోకాలి ఆపరేషనయ్యాక ఆయన కాలికి విశ్రాంతి దొరికింది కానీ, నోటికి దొరకలేదు. ఆ పూట వ్యాయామం చేయించి నర్సమ్మ గడప దాటిందో లేదో, భార్య దగ్గర మొదలుపెట్టారు.

"ఆ పిల్లని మార్చమని ఇవాళే ఆసుపత్రికి ఫోన్ చేసేస్తా. డాక్టరు పదిసార్లు కాలెత్తమంటే, తన ఫిలిప్పీన్స్ వాళ్ళ తగలాగ్ భాషలో ఏదో గొణుక్కుంటూ ఇరవైసార్లు ఎత్తిస్తోంది!"

"ఇరవై అని మీకెలా తెలుసు?"

"నా కాలికి తెలుసు."

"మీ కాలి సాక్ష్యంతో ఆ పిల్ల ఉద్యోగం పోతుందేమోనని, నాలుగు రోజులుగా నేనా భాష నేర్చుకుంటున్నా. ఇవాళ రాగానే 'మగందాంగ్ ఉమాగా' అన్నాను. అంటే శుభోదయం. మురిసిపోయింది."

"ఓహో! పండితురాలికి అంకెలు కూడా వచ్చా?"

"ఇసా, దలావా, తత్లో, అపాత్, లిమా, ఆనిమ్, పితో, వాలో, సియామ్, సంపూ. సంపూ అంటే పది."

"అయితే దొంగని పట్టేశావన్నమాట!"

"పట్టేశా. తలుపు పక్కనే బఠానీలు ఒలుస్తూ విన్నా. వాలో దగ్గరే ఆపేసింది."

"అంటే?"

"ఎనిమిది. మీ మొహంలో బాధ చూడలేక రెండు వదిలేస్తోంది. ఇదిగో ఫోను, చెయ్యండి."

ఆయన ఫోను అందుకోలేదు.

"క్షమించమని వాళ్ళ భాషలో ఎలా అడుగుతారే?"

"ముందు మన భాషలో అలవాటు చేసుకోండి. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఒక్కసారీ వినలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాదే. ఆ మిగిలిన రెండూ ఇప్పుడే ఎత్తేస్తా, నువ్వు లెక్కపెట్టు."