కొట్టేసిన రాత్రి

మధ్యాహ్నం రెండు గంటలు. దర్జీ కొట్టు. మిషను ముందు ముసలి స్కౌటు మాస్టారు. ఎదురుగా స్టూలు మీద, చిన్నప్పుడు ఆయన ట్రూపులోనే పెరిగిన లైన్‌మన్. ఇద్దరి మధ్యా ఒక ఆడపిల్ల స్కౌటు చొక్కా, ఒక చిన్న పుస్తకం.

"కుదరదన్నానుగా."

"ఒక్క సంతకం మాస్టారూ. ఒక్కటంటే ఒక్కటి."

"ఒక్కటైతే మాత్రం? మీ పాప తొమ్మిది రాత్రులు టెంటులో పడుకుంది, తొమ్మిది సంతకాలు పెట్టాను. పదోది పడుకున్నాక పదోది పెడతాను."

"పుస్తకంలో పది ఉన్నాయి. కావాలంటే లెక్కపెట్టండి."

"పదే ఉన్నాయి. అందులో ఒకటి కొట్టేసి ఉంది. ఎర్ర సిరా, అడ్డంగా గీత. కళ్ళజోడు తీసేసినా కనిపిస్తుంది నాకు."

"ఆ గీత సంగతే నేనూ అంటున్నది. దాని పక్కన 'సరియే' అని ఒక ముక్క రాసి చిన్న సంతకం పడెయ్యండి. పది అయిపోతాయి. క్యాంపు బ్యాడ్జి వచ్చేస్తుంది. మీరే కుట్టి ఇచ్చేస్తే నాలుగింటిలోపు తీసుకెళ్ళిపోతాను. చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చా."

"కాలరు ముడత పోలేదు."

"ఏంటి?"

"కాలరు. మధ్యలో ముడత అలాగే ఉంది. ఎవరు చేశారు ఇస్త్రీ?"

"నేనే."

"స్తంభాలెక్కే చేతులకి ఇస్త్రీ ఏం తెలుస్తుందిలే. ఇలా ఇయ్యి, నేను రుద్దుతా."

"ఇస్త్రీ తర్వాత రుద్దుదురుగాని, ముందు సంతకం…"

"పెట్టె వేడెక్కాలి. కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దు."

"పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?"

"తిన్నానులెండి."

"నువ్వు అబద్ధం చెబితే చెవి గోక్కుంటావు. పదేళ్ళప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ డబ్బాలో బిస్కట్లున్నాయి, తీసుకో."

"బిస్కట్ల కోసం రాలేదు మాస్టారూ నేను."

"తెలుసు."

"అది అడిగింది మాస్టారూ. నిన్న సాయంత్రం. కళ్ళు మూసుకునే అడిగింది. 'నాన్నా, నాది పదోది ఎప్పుడు?' అని. మూడు నెలల్నించీ ఆ ఆస్పత్రి మంచం మీద ఇంకేమీ అడగలేదు. బొమ్మ అడగలేదు, ఫోను అడగలేదు. ఇదొక్కటే. ఏం చెప్పమంటారు నన్ను?"

"నువ్వేం చెప్పావు?"

"మాస్టారిని అడిగొస్తానన్నా."

"ఊఁ."

"మరి, అడుగుతున్నా."

"అసలా గీత ఎవరు గీశారో తెలుసా నీకు?"

"ఇంకెవరు? మీరే. పోయినేడు వానల్లో క్యాంపుకెళ్ళినప్పుడు. పిల్లలంతా తడిసి బడి వరండాలోకి పరిగెత్తారు, మీరు తెల్లారి అందరి రాత్రీ కొట్టేశారు. ఊరంతా తిట్టుకున్నారు మిమ్మల్ని. అర్ధరాత్రి కుండపోతగా కురుస్తుంటే పిల్లలు చూరు కిందకి పోతే అదీ తప్పేనా అని."

"తప్పని నేనన్లేదే. ప్రాణం మీదికొస్తే చూరు కిందకి పోవాల్సిందే, పొమ్మని అరిచింది కూడా నేనే. కానీ అది టెంటులో పడుకున్న రాత్రి కాదు. వరండాలో పడుకున్న రాత్రి. దేని పేరు దానిది. పదిహేడు మందివి కొట్టేశాను. మీ పాపది కొట్టలేదు."

"కొట్టలేదా?"

"తెల్లారి చూస్తే పాప టెంటులోనే ఉంది. దుప్పటి పిండితే బకెట్టు నీళ్ళొచ్చేట్టున్నాయి, మొహం మాత్రం గెలిచొచ్చినట్టుంది. శభాష్ అని అప్పటికప్పుడే సంతకం పెట్టాను. కాసేపటికి పళ్ళెం పట్టుకుని టిఫిను వరసలో నిలబడిందల్లా, వరస వదిలేసి నా దగ్గరికొచ్చింది. 'మాస్టారూ, నేను కూడా వరండాలోకి వెళ్ళా. రెండింటి నుంచి నాలుగింటి దాకా. మళ్ళీ వచ్చి టెంటులో పడుకున్నా. మీరు చూళ్ళేదు. నాది కూడా కొట్టేయండి' అంది."

"అదా?"

"ఆఁ. నేనేమన్నానో తెలుసా? రెండు గంటలేగా, పోనీలేవే అన్నాను. ఈ నోటితోనే. నలభై ఏళ్ళలో ఎవరికీ అనని మాట. వింటేనా! 'రూలు మీదే కదా మాస్టారూ' అని నా జేబులోంచి ఎర్ర కలం లాక్కుని తనే గీసుకుంది. పొడుగ్గా, వంకర లేకుండా. స్కేలు పెట్టినట్టు."

"నాకు చెప్పలేదు…"

"నీకెందుకు చెబుతుంది? నువ్వు వచ్చి నాతో దెబ్బలాడతావని. ఇప్పుడు చూడు, అదే పని చేస్తున్నావు."

"రెండు గంటలకి రాత్రంతా పోతుందా మాస్టారూ?"

"దాని లెక్కలో పోయింది. తను కొట్టేసుకున్నదాని మీద నేనెలా సంతకం పెట్టను? తెలిస్తే నా మొహం చూస్తుందా మళ్ళీ?"

"తెలీదులెండి."

"తెలీకపోవడమేంటి?"

"అంటే, నేను చెప్పను. మీరూ చెప్పరు. ఇంక దానికెలా తెలుస్తుంది?"

"పెట్టె వేడెక్కింది. ఆ చొక్కా ఇటియ్యి."

"మీరు నాకూ ఇంతే చేశారు. గుర్తుందా? రెండు అగ్గిపుల్లల్తో పొయ్యి వెలిగించాలి. నేను మూడోది గీశానని ఏడాదిన్నర తిప్పారు. ఏడాదిన్నర! నా తర్వాత చేరినవాళ్ళంతా దండలేయించుకుంటుంటే నేను కట్టెపుల్లలు ఏరుకుంటూ తిరిగా."

"గాలెటు వీస్తోందో చూసుకోకుండా కూర్చునేవాడివి. వీపు అడ్డం పెట్టరా అంటే బుర్ర అడ్డం పెట్టేవాడివి. నీ జుట్టు ముందు కాలింది, కట్టె తర్వాత కాలింది."

"ఆ రోజే మానేద్దామనుకున్నా."

"మానేశావా? ఇవాళ గాలివానలో స్తంభమెక్కి, నడుముకి ఒక్క తాడేసుకుని వేలాడుతున్నావు. ఆ ముడి కళ్ళు మూసుకుని వేసేదాకా ఇంటికి పంపకపోబట్టే కదా?"

"ముడి మీదే. కాదన్నానా? నా ప్రాణం మీ ముడి మీదే ఉంది రోజూ. అందుకే కదా దాన్నీ మీ దగ్గరే వేశా. అందుకే కదా అడుగుతున్నా! బయటివాడినైతే…"

"మాస్టారండీ! ఉన్నారా? ఇది ఒకసారి చూసి పెడతారా, మా వాడి క్యాంపు సామాను."

"రండమ్మా. మొన్న చేరిన బొద్దబ్బాయి అమ్మ కదూ మీరు? ఏంటిదంతా? ఇల్లు మారుతున్నారా?"

"అయ్యో, మీరే కదండీ సామాను కొనమని చీటీ ఇచ్చారు!"

"నేనిచ్చిన చీటీలో ఆరే ఉన్నాయమ్మా. రెండు దుప్పట్లు, పళ్ళెం, గ్లాసు, జత బట్టలు, టార్చి, బారెడు తాడు. ఇదేంటి, ఈ తొట్టి?"

"మడతపెట్టే వాష్ బేసినండీ. ఇది చలికి పడుకునే సంచి, మంచులో కూడా వెచ్చగా ఉంటుందట. ఇదేమో టార్చి, ఏడు రంగుల్లో వెలుగుతుంది."

"మంచి రంగొకటుంటే చాలు కదమ్మా. మనం వెళ్ళేది కాలవ గట్టుకి. మంచెక్కడుంది అక్కడ? ఈ సంచిలో పడుకోబెడితే తెల్లారేసరికి పిల్లాడు ఉడికి బయటికొస్తాడు. ఈ బూట్లేంటి, కొత్తవా?"

"ఇవాళే కొన్నామండీ."

"క్యాంపుకి కొత్త బూట్లు వేయకూడదు. మైలు నడిచేసరికి బొబ్బలు. ఇంట్లో పాతవుంటే అవే పంపండి. ఇవన్నీ తిరిగిచ్చేసి డబ్బులు తెచ్చుకోండి. ఇంకోమాట, సంచి వాడినే సర్దుకోనివ్వండి. మీరు సర్దితే ఏదెక్కడుందో తెలీక చీకట్లో 'అమ్మా' అని మిమ్మల్నే పిలుస్తాడు. అక్కడ మీరుండరు."

"అలాగేనండీ. మరి… బ్యాడ్జీలు ఎన్నాళ్ళకొస్తాయండీ? మా ఆడపడుచు కొడుక్కి వేరే ట్రూపులో ఆరు నెలల్లో నాలుగొచ్చాయట."

"పని వస్తే బ్యాడ్జి దాని వెనకాలే నడిచొస్తుందమ్మా. బ్యాడ్జి ముందొచ్చేసిందనుకోండి, పని ఇంక రాదు."

"ఇదిగో, ఈ చొక్కా చూడండి, ఎన్నున్నాయో! ఎవరిదండీ?"

"ఈయన కూతురిది."

"మీ అమ్మాయిదా అన్నగారూ? అబ్బ, చెయ్యంతా నిండిపోయింది. ఈ నెల క్యాంపుకి తనూ వస్తోందా? మా వాడికి కాస్త చెప్పమనండి. చీకటంటే చచ్చేంత భయం వెధవకి."

"అదీ… మా పాప…"

"వస్తుందమ్మా. దాని సంచి ఎప్పుడూ సర్దే ఉంటుంది. చీకట్లో చిన్నపిల్లల టెంట్ల చుట్టూ తిరుగుతూ ఈల వేస్తుంది, నేనున్నా పడుకోండి అని. మీవాడు దాని పక్క టెంటులో ఉంటాడులే."

"హమ్మయ్య. అలాంటి పిల్ల ఒకత్తి ఉండాలండీ."

"ఉండాలమ్మా."

"వస్తానండీ. వస్తా అన్నగారూ."

"ఎందుకలా చెప్పారు మాస్టారూ?"

"చొక్కా గుండీ ఒకటి వదులైంది. బిగిస్తాను, ఆగు."

"ఆవిడకి ఎందుకలా చెప్పారు, వస్తుందని?"

"పదకొండో తారీఖు క్యాంపు. రెండు రాత్రులు. మనకి ఒకటి చాలు."

"మాస్టారూ…"

"ఆస్పత్రి వాళ్ళు పంపరంటావా? పంపకపోనీ. టెంటే అక్కడికి వస్తుంది. వార్డు వెనకాల నీళ్ళ ట్యాంకు పక్కన జాగా ఉందిగా, నేను చూశాను పోయినసారి. నేల గట్టిదే, మేకులు దిగుతాయి. చిన్న టెంటు చాలు, ఇద్దరు పట్టేది."

"మాస్టారూ, వద్దు."

"ఆ సెలైను స్టాండుని టెంటు గుంజకి కట్టేద్దాం. నీ ముడే వేద్దువుగాని. నర్సమ్మతో నేను మాట్లాడతా. వాళ్ళ అబ్బాయికి నేనే నేర్పాను ఈత. కాదనదు. ఒక్క రాత్రికి ఎవరి కొంప మునుగుతుంది? నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. తెల్లారి సంతకం పెడతాను. అప్పుడు గీత జోలికి పోనక్కర్లేదు, దానితో మాట పడనక్కర్లేదు…"

"మాస్టారూ, ఆగండి."

"వాన పట్టా కూడా తెస్తా. ఈసారి వాన పడినా…"

"ఆగమన్నానా! దండం పెడతా, ఆగండి. నాలుగింటికి తీసుకెళ్ళిపోతున్నాం దాన్ని. వాళ్ళమ్మ ఆ చొక్కాయే వేయాలంది. ఇంకేదీ వద్దంది. అందుకు తెచ్చా. పొద్దున ఆరింటికి మాస్టారూ. నేను పాలు తేవడానికి కిందికి దిగా. పైకొచ్చేసరికి… ఇందాకట్నించీ చెబుదామనే. గుమ్మంలోకి రాగానే చెబుదామనుకున్నా. మీరు 'తొమ్మిది రాత్రులు పడుకుంది' అన్నారు, నేనూ ఆ లెక్కలోనే పడ్డా."

"తెలుసురా."

"ఏం తెలుసు?"

"ఏడింటికే తెలిసింది. మీ పక్కింటావిడ పని మీదొచ్చి చెప్పింది. వద్దామని తాళం వేశాను. మెట్ల దాకా వచ్చాను. వెనక్కి తిరిగాను. మళ్ళీ తీసి కూర్చున్నాను."

"ఏడింటికి? అప్పట్నించీ తెలుసా మీకు? తెలిసీనా ఇదంతా? పదకొండో తారీఖనీ, టెంటనీ… తెలిసీనా నాతో ఇంతసేపు కుదరదన్నారు? ఎందుకు మాస్టారూ?"

"పుస్తకం ఇలా ఇయ్యి."

"ముందు చెప్పండి. ఒక్క సంతకానికి నన్నెందుకు ఇంత ఏడిపించారు?"

"పెడితే పదీ అయిపోతాయి కదరా. ఇంకొక్క రాత్రి మిగిలి ఉందంటే, పాప ఇంకా రావాల్సి ఉన్నట్టే కదా అని."