నీళ్ళు మోసిందెవరు

“వదినా అనకు. అన్నా అను. నా పెళ్ళిలో గొర్రె మాంసం తిన్న నోరేగా అది!”

“తిన్నాను వదినా. తిన్నాను కాబట్టే అడగడానికొచ్చా.”

కెన్యాలో, నంది తెగవాళ్ళ కొండల్లో, వాన వెలిసిన ఉదయం. కొడుకుల్లేకుండా మొగుడు పోతే అక్కడి ఆడది ఇంకో ఆడదాన్ని పెళ్ళాడి, ఊరి ఎదుట మగవాడు కావచ్చు. పెళ్ళాం కన్న బిడ్డలకు తనే తండ్రి. తప్సుబే అలా మగవాడైంది. మగతనం ఊరు ఇచ్చిందే, ఊరు లాక్కోనూ గలదు. అందుకే మరిది కిప్తనుయ్ పెద్దల్ని తెచ్చి కంచె అవతల కూర్చోబెట్టాడు. పెళ్ళాం జెలగాత్ పసివాడు కిప్రోప్‌తో గడపలో ఉంది.

“అడుగు మరి. పెద్దలు వింటున్నారు.”

“మగాడు నెత్తిన బరువు మోస్తాడా?”

“మొయ్యడు. పొయ్యి దగ్గర కూర్చోడు. ఇంకో మగాడి పక్కన పడుకోడు. నాకు నేర్పుతావా? మీ మగాళ్ళ మధ్య కూర్చుని, అదే బీరు కుండలో గొట్టం వేసి తాగుతున్నా ఎప్పట్నించో.”

“మొన్న వానలో వాగు దారిన నెత్తిన నీళ్ళ డబ్బాతో వచ్చిందెవరు?”

“ఎవరు?”

“నువ్వే. నా పెళ్ళాం చూసింది.”

“నీ పెళ్ళానికి వానలో ఆవుకీ ఆంబోతుకీ తేడా తెలీదు.”

“డబ్బాకీ టోపీకీ తెలుసు. నడుం ఊపుకుంటూ నడిచావట. పుట్టుకతో వచ్చిన నడుం, గొర్రెని కోస్తే పోతుందా?”

“నోరు జాగ్రత్త—”

“రొమ్ములు పెట్టుకుని మగాడేంటి? మా అన్న పక్కలో పడుకున్నదానివి, నాకు అన్నవెట్లా అయ్యావ్?”

“ఇదంతా నా పెళ్ళినాడు తెలీదా? ఆడపిల్లలు పుట్టినప్పుడు కూడా అన్నా అనే పిలిచావే! మగపిల్లాడు పుట్టేసరికి వదిననయ్యానా?”

“పొలం మా నాన్నది.”

“అదీ! అలా చెప్పు. పసివాడి నోట్లో మట్టి కొట్టడానికొచ్చావ్.”

“నువ్వు ఆడదానివైతే ఆ పెళ్ళి పెళ్ళే కాదు. వీడు దారిన పోయే ఎవడి కొడుకో. పొలం నాకొస్తుంది. నీతో నాకెందుకు? నీ పెళ్ళాన్నే అడుగుతా. జెలగాత్! ఇటు రా.”

“అది లేవలేదు. అక్కణ్ణించే అడుగు.”

“ఎందుకు లేవలేదు?”

“లేవగలను మరిదిగారూ. అయ్యా, నువ్వుండు. నన్ను చెప్పనీ.”

“సరే జెలగాత్, చెప్పు. కిప్రోప్ పుట్టిన మర్నాడు నీకు నెత్తురు ఆగలేదు. మంత్రసాని ఊరంతా చెప్పింది. పెద్దపిల్లలు డబ్బా మోసే ఈడువాళ్ళు కాదు. మరి నీళ్ళెవరు తెచ్చారు?”

“అది...”

“బిడ్డ చేతిలో ఉన్నాడు. వాణ్ణి పట్టుకుని చెప్పు.”

“నేనే తెచ్చుకున్నా.”

“నువ్వా? కూర్చోలేనిదానివి!”

“ఈయన తన్నాడు. లే, వాగుకి పో అన్నాడు. పోయా. కాళ్ళెంట కారుతుంటే పోయా. మీ ఆవిడ చూసింది నన్నే.”

“అబద్ధం! గంజి కాచి పోసిందట నీకు! నీ గుడ్డలు ఉతికిందట!”

“ఎవరు, ఈయనా? బలే చెప్పావ్! గంజీ నేనే కాచా. ముందు ఆయనకి పోసి, అడుగున మిగిలింది నేను తాగా. పల్చగా ఉందని గిన్నె నా మొహాన కొట్టాడు.”

“జెలగాత్, చాలు—”

“చాల్లేదయ్యా. పెద్దలు వినాలి. బాలింతనని కూడా చూళ్ళేదు. అడగండి, కొట్టాడో లేదో!”

“ఏంటా నవ్వు, పెద్దాయనా? ఏంటీ... ఇంతకంటే మగాడు ఎక్కడుంటాడంటావా? అది కాదు, నా మాట వినండి... లేదు, వినండి...”

“విన్నారు తమ్ముడూ. ఇక పో.”

“పోతా. కంచె దగ్గరే నిలబడతా. పెద్దలూ ఉంటారు. నలుగురిలో మొగుడి పరువు తీసిన పెళ్ళాన్ని మగాడు ఏం చేస్తాడో చూసే పోతాం. ఏం అన్నా?”

“పో!”



“కంచె దాకా పోయాడు. ఎందుకే అలా అన్నావ్? నిన్నెప్పుడన్నా గోటితో గీరానా?”

“లేదు.”

“నీళ్ళు మోశా. గంజి కాచా. నీ నెత్తురు గుడ్డలు ఎవరూ చూడకుండా ఉతికా. కన్నతల్లిలాగా—”

“మెల్లగా! ఆ మాటకే పొలం పోతుంది.”

“రేపు ఆ బీరు కుండ దగ్గర ఏ మొహంతో కూర్చోను? రాక్షసుణ్ణి చేశావ్.”

“మగాణ్ణి చేశా. నా కొడుక్కి తండ్రిని నిలబెట్టా. ఇంకేం చెయ్యమంటావ్?”

“ఏడుస్తున్నావా?”

“ఉండు, పిల్లాణ్ణి పక్కన పడుకోబెట్టనీ. వాళ్ళు ఇటే చూస్తున్నారు. ఆ కర్ర తీసుకో.”

“కర్రెందుకు?”

“కొట్టు.”

“జెలగాత్...”

“పొట్ట మీదొద్దు, ఇంకా పచ్చిగా ఉంది. వీపు మీద. గట్టిగా కొట్టు అయ్యా, కంచె దాకా వినపడాలి.”