ఫోనెత్తే అక్క

వడ్రంగి షాపు వెనక గది. ఫోను దగ్గర అక్క, ఎదురుగా స్టూలు మీద కాగితం పట్టుకుని తమ్ముడు. తలుపు అవతల రంపం చప్పుడు.

"మళ్లీ చదువు. ఆ రెండో వాక్యం."

"విన్నావుగా అక్కా."

"విన్నాను. సరిగ్గా విన్నానో లేదో తెలియాలి కదా. చదువు."

"'షాపు తరఫున ఆర్డర్లు ఒప్పుకునే అధికారం మా అక్కకి ఎప్పుడూ ఇవ్వలేదు.' అంతే."

"ఎప్పుడూ."

"అది రాత భాష అక్కా. అలాగే రాయాలి."

"నాన్న పోయిన నెలకే ఈ ఫోను ముందు కూర్చున్నాను నేను. అప్పుడు నువ్వు తొమ్మిదో క్లాసు. నాకు అధికారం ఇవ్వడానికి నీకింకా మీసాలు కూడా రాలేదు."

"ఇప్పుడు వేళాకోళాలు వద్దు. రేపు పొద్దున స్కూలు హెడ్మిస్ట్రెస్ వస్తుంది. మధ్యాహ్నం హోటల్ వాళ్లు వస్తారు. ఈ మధ్యలో తేలాలి ఇది."

"ఏం తేలాలి? స్కూలుకి బల్లలు చేసిస్తామన్నాం. చేసిద్దాం."

"చేసిస్తే హోటల్ పని పోతుంది. ఎన్నిసార్లు చెప్పాలి? వాళ్ల గదులన్నిటికీ మంచాలు, అల్మారాలు, అన్నీ మనవే. ఇలాంటిది మళ్లీ రాదు. మనకున్నది నలుగురు పనివాళ్లు. బల్లలు చేస్తే మంచాలుండవు, మంచాలు చేస్తే బల్లలుండవు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి..."

"రెండో పడవ ఎక్కింది నువ్వు. నేను ఒక్క పడవలోనే ఉన్నాను."

"సరే, నేనే ఎక్కాను. షాపు బాగుపడాలని ఎక్కాను. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? ఆ హెడ్మిస్ట్రెస్‌ని ఇంకో నెల ఆగమని అడుగు."

"అడిగాను. బడి తెరిచే రోజు నా చేతిలో లేదంది."

"ఆవిడ చేతిలో లేదు మరి. పిల్లల్ని నేల మీద కూర్చోబెడుతుందా?"

"అక్కా, నువ్వు వాళ్ల తరఫునా, మన తరఫునా?"

"అదే చదివించుకుంటున్నాను కదా, నేనెవరి తరఫునో. నీ కాగితంలో ఎవరి తరఫునా కాదని ఉంది."

"అబ్బా... చూడు. నేను సాయంత్రం లా క్లాసుకి వెళ్తున్నానా? అక్కడ చెప్పారు. ఒకరి తరఫున ఇంకొకరు మాటిస్తే, ఆ ఇచ్చే అధికారం వాళ్లకుంటేనే అది చెల్లుతుంది. లేకపోతే అసలు యజమాని దానికి కట్టుబడక్కర్లేదు. స్కూలుకి సరే అన్నది నువ్వు. నీకు అధికారం లేదంటే షాపు మీద ఆ మాట ఉండదు. ఎవరికీ నష్టం లేదు."

"కొలతలు తీసుకోడానికి స్కూలుకెళ్లింది ఎవరు?"

"నేను ఊరికే... చూడ్డానికి వెళ్లాను."

"టేపు పట్టుకుని ఊరికే చూశావు."

"అది ఎవరూ అడగరు."

"అడిగితే?"

"అడిగితే నాకు వివరాలు తెలియవని, నువ్వు రమ్మంటే వచ్చానని చెప్తాను. అక్కా, చట్టంలో ఇవన్నీ మామూలే. ఇది నీ మీద కోపంతో రాసింది కాదు."

"కోపంతో రాస్తే బాగుండేది. కోపమైతే రేపటికి తగ్గుతుంది. మూడో వాక్యం చదువు."

"ఆ మూడోది అంత ముఖ్యం కాదు."

"చదువు నాయనా."

"'ఆర్డర్లు తీసుకోవద్దని ఆమెకి ముందే చెప్పి ఉన్నాను.'"

"ఎప్పుడు చెప్పావు?"

"అది పెట్టకపోతే నిలవదక్కా. లెక్చరర్ గారు ఒక ఉదాహరణ చెప్పారు. ఒక దుకాణంలో ఒకరు ఏళ్ల తరబడి ఆర్డర్లు తీసుకుంటుంటే యజమాని చూస్తూ ఊరుకున్నాడనుకో, అప్పుడు అధికారం ఇచ్చినట్టే లెక్క. బయటివాళ్లు నమ్ముతారు కదా, అందుకని. మనది సరిగ్గా ఆ దుకాణమే. అందుకే ముందే వద్దన్నానని ఉండాలి."

"అంటే నువ్వు వద్దన్నావు. నేను వినలేదు. దొంగతనంగా ఫోనెత్తి సరే అన్నాను."

"దొంగతనం అని ఎక్కడ రాశాను?"

"నువ్వు రాయక్కర్లేదు. రేపు ఆవిడ నా మొహం చూసి చదువుకుంటుంది. ఆ మనిషి నన్ను నమ్మి వేరే రెండు షాపుల్ని వద్దనుకుంది, తెలుసా? 'మీరు మాటిస్తే చాలమ్మా' అంది."

"అందుకే చెప్తున్నాను, నువ్వు నోరు తెరవక్కర్లేదు. ఇందులో ఉన్నది నిజమేనని సంతకం పెట్టు, మేడ మీదకెళ్లి పడుకో. నేను చూసుకుంటాను."

"మేడ మీది గది కూడా షాపుదే కదా."

"దానికీ దీనికీ ఏమిటి?"

"ఏమీ లేదు. గుర్తొచ్చింది. నువ్వు క్లాసులో చాలా నేర్చుకున్నావు, నాకూ కొంచెం చెప్పు. అధికారం లేకుండా మాటిచ్చిన మనిషి ఏమవుతాడు?"

"అంటే?"

"ఆ స్కూలావిడ ఉంది. బడి తెరిస్తే పిల్లలు నేల మీద కూర్చుంటారు. షాపు మీద ఆ మాట లేదన్నావు. మరి ఎవరి మీద ఉంటుంది? మాట గాల్లో ఉంటుందా?"

"అది... అంత దూరం పోదు."

"పోతే?"

"అక్కా, అన్నీ అంత లోతుగా..."

"చట్టం ఏమంటుందని అడిగాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వెందుకలా లేచి నుంచున్నావు?"

"కాళ్లు పట్టేశాయి."

"కూర్చో. చెప్పు."

"లేని అధికారం ఉందని చెప్పి ఒప్పందం చేస్తే... జరిగిన నష్టానికి ఆ చెప్పిన మనిషిదే బాధ్యత."

"నాదే."

"కాగితం మీద."

"ఈ సంగతి నీకు ఈ రెండో వాక్యం రాసేటప్పుడు తెలుసా?"

"తెలుసు. కానీ అది నిన్నేమీ చెయ్యలేదక్కా. నేనంతా ఆలోచించే రాశాను. వాళ్లు నీ మీదకొచ్చినా తీసుకునేదేముంది? షాపు నా పేరున ఉంది. ఇల్లు నా పేరున ఉంది. మిషన్లు నావి. నీ పేరున ఏముంది? ఏమీ లేదు కదా. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతారు. అదే మనకి మంచిదైంది. ఏమిటక్కా, అలా చూస్తావు? తప్పుగా అన్నానా?"

"లేదు. ఒక్కటీ తప్పు లేదు. ఇన్నేళ్లూ నాకు తట్టలేదు, అంతే. ఎవరైనా అడిగితే మా షాపు, మా ఇల్లు అనేదాన్ని."

"మనదే అక్కా. ఎప్పటికీ మనదే. నేను కాదన్నానా? ఇది ఒక్క రోజుకి. హోటల్ పని అయ్యాక నీకు ఏది కావాలన్నా..."

"నీకు మాటివ్వడం కూడా వచ్చిందే."

"నన్ను పెంచింది నువ్వు. నేను నిన్ను వదిలేస్తానా?"

"నేనలా అనలేదు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని అమ్మ అనేది. నేను నవ్వేదాన్ని. మావాడు అలాంటివాడు కాదనేదాన్ని."

"అక్కా, ఏడవకు."

"ఏడుపొస్తోంది, ఏడుస్తున్నాను. దానికి కూడా నీ అధికారం కావాలా?"

"నీకిష్టం లేకపోతే వద్దు. హోటల్ వాళ్లకి లేదని చెప్పేస్తాను. షాపు ఇలాగే ఉంటుంది. ఇంకో పదేళ్లు స్టూళ్లు, పీటలు చేసుకుందాం. నీ ఇష్టం."

"నా నెత్తినే పెడుతున్నావు మళ్లీ."

"మరేం చెయ్యమంటావు? నాకూ నిద్ర పట్టడం లేదక్కా. నిజంగా. హోటల్ మేనేజరు 'మీ అక్కగారిని కాదు, మీతో మాట్లాడాలి' అన్నప్పుడు... మొదటిసారి నన్ను ఒకరు షాపు యజమాని అన్నట్టు చూశారు. అందరూ ఫోన్లో నిన్నే అడుగుతారు. మేస్త్రీ నిన్నే అడుగుతాడు. నేను నా షాపులో చుట్టపుచూపుగా వచ్చినట్టుంటాను."

"ఇదా సంగతి."

"ఇదొక్కటే కాదు."

"ఇది ముందే చెప్పి ఉంటే ఫోను నీ చేతికిచ్చి పక్కకు జరిగేదాన్ని కదరా. దీనికి చట్టమెందుకు? పెన్ను ఇటివ్వు."

"నిజంగానా?"

"ఇవ్వు. ఎక్కడ పెట్టాలి, ఇక్కడా?"

"ఆ గీత మీద. అక్కా, ఒకసారి మొత్తం చదువుకుని..."

"నువ్వు చదివావుగా. బాధ్యత నాదేనని కూడా కింద రాయి. అది లేకపోతే ఆవిడకి అన్యాయం."

"అది మనం రాయక్కర్లేదు. రాస్తే మనకే..."

"మనకి కాదు, నాకు. రాయి. రాస్తేనే సంతకం."

"సరే, రాస్తున్నాను. 'ఈ ఆర్డరు బాధ్యత పూర్తిగా ఆమెదే. షాపుకి ఏ సంబంధమూ లేదు.' చాలా?"

"చాలు. ఇదిగో."

"ఇప్పుడు తేలికైందక్కా. దేవుడి మీద ఒట్టు, ఈ మేలు మర్చిపోను. మేస్త్రీ! ఒకసారి ఇటు రండి."

"చెప్పండి బాబూ."

"స్కూలు బల్లల పని ఆపెయ్యండి. రేపట్నుంచి హోటల్ మంచాలు మొదలుపెడదాం."

"అలాగే. ఏమ్మా, అలాగేనా?"

"నన్నడగకండి మేస్త్రీ. ఈ షాపులో మీ యజమాని తనే. తను చెప్పినట్టు చెయ్యండి."

"మరి ఆ బల్లలమ్మా? స్కూలు తెరిచేస్తారు కదా."

"అవి వదిలెయ్యండి మేస్త్రీ, వాటి సంగతి అయిపోయింది. చెప్పక్కా, అయిపోయిందని. అక్కా? ఎక్కడికి, ఆ చెప్పులు వేసుకుని?"

"స్కూలుకి. వాళ్ల వెనక షెడ్డు ఖాళీగా ఉంది. ఇద్దరు వడ్రంగుల్ని కుదుర్చుకుని అక్కడే చేయిస్తాను."

"నీకేమైనా పిచ్చా? తప్పించడానికేగా ఇంత చేసింది! ఆ ఆర్డరుతో మనకేమీ సంబంధం లేదని ఇప్పుడే రాసుకున్నాం."

"నీకు లేదు. అది నాది. ఇన్నేళ్లలో నా పేరున నువ్వు రాసిచ్చింది అదొక్కటే తమ్ముడూ, దాన్ని కూడా వదులుకోమనకు."