వాన చూడని ఇల్లుబండి

అబ్బా, ఆ పొయ్యి ముందు నుంచి లే వదినా! అది పొయ్యి కాదు, బొమ్మ మంట. వెనకాల చిన్న దీపం తిరుగుతుంది, అంతే. పొద్దుట్నుంచి గొంతు చించుకుంటున్నా కదా, ఇల్లుబండి కొనేవాళ్ళు పొయ్యీ, సోఫా, కర్టెన్లూ చూడకూడదని? అవన్నీ మా ఫ్యాక్టరీలో ఆఖర్న పెట్టేవి. కొనేవాళ్ళు మొదట చూసేవీ అవే. పైన పటారం, లోన లొటారం అనే మాట ఇలాంటి బళ్ళని చూసే పుట్టుంటుంది.

ఇటు రా. వేలి కణుపుతో ఈ గోడ మీద కొట్టు. కొట్టమ్మా, దానికేం నొప్పి పుట్టదులే. గట్టిగా టకటకమందా? మంచిదే. డొల్లగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టు. ఇప్పుడు స్నానాలగది మూలకి రా, గోడా పైకప్పూ కలిసేచోట బొటనవేలితో నొక్కు. మెత్తగా దిగితే ఓ దణ్ణం పెట్టి బండి దిగిపోవాలి.

దిగలేదా? ఊఁ. దిగలేదు.

పోనీ ఆ సొరుగు పూర్తిగా బయటికి లాగు. పలకలు ఒకదాంట్లో ఒకటి కూర్చారా, పిన్నులు కొట్టి వదిలేశారా? కూర్చారా, సరే. మంచం కింద చెయ్యి పెట్టి చూడు, వైర్లు కట్టలు కట్టి ఉన్నాయా, జడ విప్పిన జుట్టులా వేలాడుతున్నాయా? కట్టే ఉన్నాయా. హుఁ.

ఇంజనా? దాని సంగతి వేరు వదినా. పెట్రోలు బళ్ళకి ఇంజనూ చట్రమూ ఒకళ్ళు చేస్తారు, దాని మీద ఇల్లు ఇంకొకళ్ళు కడతారు. ఇంజన్ ముందు సీట్ల మధ్యనే ఉంటుంది గనక ఎత్తు ఎక్కేటప్పుడు మోకాలికి వేడి కొడుతుంది, అరిస్తే తప్ప పక్కవాళ్ళ మాట వినపడదు. డీజిలుదైతే వెనకుంటుంది. కానీ అది కొనాలంటే నీ ఇంటితోపాటు నా ఇల్లూ అమ్మాలి. అయినా ఇంజన్ మోసం చెయ్యదులే. చేసేది ఇల్లే. కారేదీ ఇల్లే.

ఏంటా చూపు? అవును, తప్పులే వెతుకుతున్నాను. ఒక్కటీ దొరకట్లేదు. అదే నా ఏడుపు.

వద్దు వదినా, ఇంకోటి చూద్దాం. అదిగో, ఆ చివర్న తెల్లది ఉంది. ఆ ఒహాయో దంపతులు ఇందాకట్నుంచి ఆఫీసులో కాఫీ తాగుతూ దీని గురించే తర్జనభర్జన పడుతున్నారు, బళ్ళమ్మే ట్రాయ్ చెప్పాడుగా. ముందు చూసింది వాళ్ళు. వాళ్ళనే తీసుకోనీ. ఎందుకంటే ఏం చెప్పను? నాకు నచ్చలేదు, అంతే. నలభై ఏళ్ళు ఈ బళ్ళే కట్టినవాణ్ణి, నచ్చకపోవడానికి ఆమాత్రం హక్కు లేదా నాకు?

నీ సంగతి ఆలోచించే అంటున్నా. పొలమూ ఇల్లూ అమ్మేశావు. ఒకటో తారీఖున కొన్నవాళ్ళకి తాళాలిచ్చెయ్యాలి. ఆ తర్వాత నీకు ఇల్లంటే ఇదొక్కటే. చలికాలమంతా టెక్సాస్‌లో నువ్వొక్కదానివే ఉంటానంటివి. పైన కారితే పక్క గదిలోకి జరుగుదామన్నా పక్క గది ఉండదు వదినా.

అయ్యో, ఆ సింకు కింద తలుపు తియ్యకు! అక్కడ ఏముంది చూడ్డానికి...

తీశావా.

సరే, చదువు. కళ్ళజోడు పెట్టుకునే చదువు. "వాన గదిలో ఇరవై నిమిషాలు. బండి గట్టిగా ఉందా? అవును. పరీక్షించినవాడు వెర్లిన్ ష్రాక్." పచ్చ చీటీ, నా సంతకమే. నవ్వకు వదినా. నువ్వలా మొహం చేటంత చేసుకుంటే నీ వైపు చూడలేకపోతున్నా.

తెలుసు. ఎల్డన్ అన్నయ్య ఏమనేవాడో నువ్వు నాకు చెప్పాలా? "సింకు కింద మా తమ్ముడి పేరుంటే కళ్ళు మూసుకుని కొనండి." చర్చి మెట్ల మీద చెప్పాడు, మంగలి షాపులో చెప్పాడు, ఆఖరికి ఆసుపత్రిలో సూది వెయ్యడానికొచ్చిన నర్సుకి కూడా చెప్పాడు. పక్క కుర్చీలో నేనే ఉన్నా. ఆ అమ్మాయి నా వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. అన్నయ్య పోవడానికి నాలుగు రోజుల ముందు మాట అది.

ఆ చీటీ మీద తారీఖు చూడు. నవంబరు, శుక్రవారం. టైమూ చూడు. మధ్యాహ్నం రెండూ పది.

మీ హాల్లో ఫోటో ఉందే, అన్నయ్య పెద్ద కొమ్ముల దుప్పి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నది? దాని కింద తారీఖు నువ్వే రాశావు. ఇది ఆ ముందు రోజు. తెల్లారితే వేట మొదలు. మరి ఆ శుక్రవారం మధ్యాహ్నం నేనెక్కడున్నాను? గుర్తు తెచ్చుకో.

ఆఁ. మీ వంటింట్లోనే.

బంగాళాదుంప ముద్ద మీద కోడి నూడుల్స్ వేసి పెట్టావు. రెండోసారి నేనే అడిగి వడ్డించుకున్నా. గిన్నె దించుతూ నువ్వు చెయ్యి కాల్చుకుంటే మంచుగడ్డ తెచ్చి పెట్టిందీ నేనే. రెండూ పదికి నేను అన్నయ్య బూట్లకి నూనె పట్టిస్తున్నాను వదినా. వాన గది అక్కడికి పద్దెనిమిది మైళ్ళు.

మా దగ్గర పద్ధతి నీకు తెలుసుగా? రోజుకి ఇన్ని బళ్ళని చెప్తారు, అవైపోతే ఇంటికి పోవచ్చు. అందుకే తెల్లారగట్లే వచ్చి ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పనిచేసేవాళ్ళం. ఆ రోజైతే తుపాకులు కార్లలో పెట్టుకునే పనికొచ్చారంతా. పదిన్నరకల్లా లైను ఆగిపోయింది, మనుషులు మాయమైపోయారు. వాన గది ముందు తొమ్మిది బళ్ళు, లోపల నేనొక్కణ్ణి. ఒక్కోదాన్నీ లోపల పెట్టి ఇరవై నిమిషాలు నీళ్ళు కొట్టాలి, టార్చి పట్టుకుని మూలమూలా వెతకాలి. అక్కడ అన్నయ్య నాకోసం ఎదురుచూస్తున్నాడు.

కారు బానెట్ మీద చీటీల పుస్తకం పెట్టి తొమ్మిదీ రాసేశాను. పదకొండున్నరకి మొదటిది, రెండూ పదికి ఆఖరిది. మధ్యలో సరిగ్గా ఇరవై నిమిషాల తేడా పెట్టాను. ఎంత బుద్ధిమంతుణ్ణో చూడు!

మన చర్చివాళ్ళం దేవుడి మీద ప్రమాణం చెయ్యం కదా వదినా, అవునంటే అవునే. కోర్టులో బైబిలు ముందుకు తోస్తే మా నాన్న చెయ్యి పెట్టలేదు. "నా అవును అవునే, నా కాదు కాదే" అన్నాడు. జడ్జిగారు సరేనన్నాడు. ఆ మాట గోషెన్ ఊరంతా చెప్పుకున్నారు. ష్రాకుల ఇంట్లో అబద్ధం పుట్టదనే కదా, ఫ్యాక్టరీవాళ్ళు నన్ను పైకప్పుల పనిలోంచి తీసి పరీక్షల పనిలో పెట్టింది? మా ఇంట్లో పుట్టలేదు, నిజమే. నేను బయట నేర్చుకున్నాను. కంచే చేను మేసింది.

ఆ తొమ్మిదేనా అంటావా? కాదు. మొదటి చీటీ రెండుసార్లు చింపి రాశాను. క్రిస్మస్ నాటికి చింపడం మానేశాను. ఆ పనిలో ఆరేళ్ళున్నాను. చాలా బళ్ళని నిజంగానే తడిపాను, అదీ చెప్పుకోనీ. తడపనివి ఎన్నో నాకే లెక్క తెలీదు.

ఒకసారి మినెసోటా నుంచి ఒకావిడ ఫ్యాక్టరీకి ఫోటో పంపింది. మంచం తలవైపు గోడ, నానిన రొట్టెలా ఊడి పడిపోయి ఉంది. పక్కన బకెట్లు. ఎవడో దాన్ని కాఫీ మిషను పైన అంటించాడు, అందరూ పడీపడీ నవ్వారు. నన్నెవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే చీటీల పుస్తకం జేబులో కుక్కుకుని బయటికి పోయాను. ఆవిడ పేరు కూడా చూడలేదు. చూస్తే గుర్తుండిపోతుందని భయం.

ఈ బండి బాగుండొచ్చు కూడా వదినా. మొదట దీన్ని కొన్నాయన షెడ్డులో పెట్టి తాళం వేశాడట, ఇంతవరకూ గట్టి వానలో నిలబడింది లేదు. అందుకే మూలలు మెత్తబడలేదేమో. లేకపోతే నిజంగానే గట్టిగా కట్టారేమో. నాకు తెలీదు. తెలుసని రాసిచ్చాను, అదీ నేను చేసింది.

అలా చీటీ పీకి, మడత పెట్టి, సంచిలో వేసుకోకు. తిట్టు. అన్నయ్యకి చెప్పావా అని అడుగుతున్నావా? లేదు. రోజూ చెబుదామనే ఆసుపత్రికి వెళ్ళేవాణ్ణి. రోజూ ఆయనే ముందు నోరు తెరిచి నన్ను పొగిడేవాడు. నేను పూలకుండీలో నీళ్ళు మార్చి వచ్చేసేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోతున్నా వదినా, ఇంకెలా చెప్పను?

ఎక్కడికి? ఎందుకు దిగుతున్నావు? ట్రాయే ఇక్కడికొస్తానన్నాడుగా. ఆఫీసులోకా? ఆ ఒహాయో వాళ్ళకి చెప్పడానికా?

చెప్పాలి. చెప్పాలి, కాదన్లేదు. కానీ ఆగు. చెయ్యి ఇవ్వు, మెట్టు ఎత్తుగా ఉంది. నా చెయ్యి వద్దా... సరే, ఆ కమ్మీ పట్టుకుని దిగు.

ఆగమంటుంటే! ఇంకొక్క ముక్క ఉంది, నా నోటే విని వెళ్ళు. నువ్వెళ్తే ఎలాగూ ఆ ఒహాయో పెద్దాయనే చెప్తాడు.

నేను నీకంటే గంట ముందొచ్చాను. ఈ బండి మా ఫ్యాక్టరీదని చూడగానే గుర్తుపట్టి, ఎక్కి సింకు కింద చూశాను. దిగేసరికి ఆ పెద్దాయన కింద నిలబడి ఉన్నాడు, పక్కన చేతికర్రతో ఆవిడ. "మీరీ ఊరివారేనా? ఈ బండి గురించి మీకేమైనా తెలుసా?" అన్నాడు. పైకి తీసుకెళ్ళి నా సంతకం చూపించాను. ఆవిడ దేవుడు పంపినట్టు దొరికారండీ మీరు అంది. ఆయన నా కళ్ళల్లోకి చూసి అడిగాడు, "గట్టిదేనా?" అని.

"అవును" అన్నాను.

నువ్వొచ్చేలోపు వాళ్ళు దీన్ని కొనుక్కుపోతే, నీకు ఇదంతా చెప్పుకునే పని తప్పుతుందని.