బాకా బాబాయ్ గుండీని పిలిచిన రాత్రి

బాబాయ్ బస్టాండులో ముప్పై ఏళ్ళు బస్సుల పేర్లు చెప్పాడు. చెప్పాడనడం తప్పు, అరిచాడు. మైకు ఇచ్చారు గానీ దాన్ని పక్కకి తోసేసి అరిచేవాడు. అందుకే బాకా అన్న పేరు పడింది. రిటైరై ఐదేళ్ళయినా గొంతు మాత్రం రిటైర్ కాలేదు. పొద్దున్నే ఆయన వచ్చి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే, పక్కనే ఉన్న నా ప్రెస్సులో మిషన్ ఆడుతోందో ఆగిపోయిందో నాకే తెలిసేది కాదు.

ఆ రోజు మాత్రం నవ్వే ఓపిక మాలో ఎవరికీ లేదు. టైలర్ మామ కుక్క పారిపోయి మూడు రాత్రులయింది. దాని పేరు గుండీ. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలిన చప్పుడికి బెదిరి, తలుపు సందులోంచి బయటపడి, ఎటు పోయిందో పోయింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కయితే రెండు రోజులు తిరిగి అదే వస్తుందిలే అనుకునేవాళ్ళం. గుండీకి మూర్ఛ. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర పడాలి. పడకపోతే ఫిట్స్ మీద ఫిట్స్ వస్తాయని, నాలుగైదు రోజులు దాటితే ఆశ వదులుకోవాల్సిందేనని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. బెదిరిన కుక్కని పేరు పెట్టి పిలవకూడదట, పెంచినవాళ్ళ గొంతు విన్నా పరుగు తీస్తుందట. అందుకని రాత్రంతా మేం టార్చిలైట్లు నేలకి వంచుకుని, నోరు మెదపకుండా తలో సందూ వెతికాం. నేనూ లారీ డ్రైవరూ కలిసి పోస్టర్లు అతికించాం. టీ అక్క కూడా కొట్టు కట్టేసి వచ్చింది. అర్ధరాత్రి దాటాక ముగ్గురం ఊరవతల హైవే దాకా, లారీల రొదలో వెతుక్కుంటూ వెళ్ళాం. తెల్లారేసరికి అందరం ఉత్త చేతులతో ఇక్కడికే చేరాం.

టైలర్ మామ బల్ల చివర కూర్చున్నాడు. ఒళ్ళో మడత పెట్టిన పాత చొక్కా ఉంది. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోతోంది. ఆయన భార్య బాకా బాబాయ్‌కి సొంత చెల్లెలు. ఆవిడ మూడు రోజులుగా తలుపు బార్లా తీసి మెట్ల మీదే కూర్చుంది.

అప్పుడొచ్చాడు బాబాయ్. ముఖం చాలా గంభీరంగా ఉంది.

"అందరూ వెతికారు, కాదనను. కానీ మీరు వెతికింది మనుషులు తిరిగే సందులు. కుక్క అక్కడెందుకుంటుందయ్యా? నేను తిన్నగా కోల్డ్ స్టోరేజీ వెనక గోడౌన్ల దగ్గరికి వెళ్ళాను. ఒక్కణ్ణే. చేతిలో లైటు కూడా లేదు. ఎందుకు లైటు? చీకట్లో పన్నెండు బస్సుల నంబర్లు ఒకేసారి చదివిన కళ్ళివి."

"మంచిదే బాబాయ్, ఏమన్నా కనబడిందా?" అన్నాడు డ్రైవర్.

"కనబడటమా? కుళాయి దగ్గర తడిమట్టిలో అడుగు. ఒక్కటే అడుగు. వంగి చూశాను. ముందు కాలు, కుడిది. గుండీదే. ఎలా తెలిసిందంటావేమో, దాని చిటికెన వేలు కాస్త లోపలికి తిరిగి ఉంటుంది. మా చెల్లెలు కూడా గమనించి ఉండదు ఆ సంగతి. సరే, అడుగుంది, ఆ తర్వాత నేలంతా ఎండిపోయింది, ఇక జాడ లేదు. ఇంకొకడైతే ఇంటికెళ్ళిపోతాడు. నేనేం చేశానో తెలుసా? పిలిచాను."

టీ అక్క గరిటె ఆపింది. "పిలవొద్దన్నారుగా బాబాయ్."

"అది మామూలు గొంతులున్నవాళ్ళకమ్మా. డాక్టరమ్మ నా గొంతు వినలేదు కదా, వింటే ఆ షరతు పెట్టేదే కాదు. నేను అరవలేదు. పిలిచాను. ఒకే ఒక్కసారి, నిదానంగా, 'గుండీ' అన్నాను. అంతే, నాలుగు వీధుల్లో లైట్లు వెలిగాయి. నిద్రలో ఉన్న మగవాళ్ళంతా లేచి చొక్కాలు తడుముకున్నారు. ఏడుస్తున్న పసిపిల్లలు ఊరుకున్నారు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరూ అడగలేదు. అడిగితే చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు.

"ఒక కుక్క వచ్చింది. గుండీ కాదు, నల్లది. సరే పోనీ అనుకుంటే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకో పది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, నలభై దాటాక వేళ్ళు చాల్లేదు. రెండొందలుంటాయయ్యా, తక్కువుండవు. ఈ ఊళ్ళో ఎప్పుడెప్పుడో తప్పిపోయిన కుక్కలన్నీ అవే. స్టేషన్ మాస్టరుగారి తెల్లకుక్క పోయి పద్దెనిమిదేళ్ళయిందా? అదీ వచ్చింది. గడ్డం నెరిసి, కాస్త కుంటుతోంది, కానీ వచ్చింది. అన్నీ నా ముందు వరసగా కూర్చున్నాయి. ఒక్కటంటే ఒక్కటి మొరగలేదు. ఏ ఇల్లు, ఏ గిన్నె, ఎవరి ఒడి పోగొట్టుకున్నాయో పాపం. అలాగే వదిలి రాగలనా? బస్టాండు పద్ధతిలో పంపించాను. 'దయచేసి వినండి, రెండో వీధి, మార్కెట్టు మీదుగా ఆసుపత్రి వైపు వెళ్ళవలసిన కుక్కలన్నీ ఎడమ వైపు నిలబడాలి.' నిలబడ్డాయి. తోసుకోలేదు, కిటికీలోంచి తువ్వాళ్ళు వేసి సీట్లు ఆపుకోలేదు. మనుషులకి చెప్పి చెప్పి ముప్పై ఏళ్ళు నా నోరు నొప్పెట్టింది, కుక్కలు ఒక్క మాటకి విన్నాయి."

డ్రైవర్‌కి నవ్వొచ్చింది. టైలర్ మామ వైపు చూసి మానేశాడు.

"అన్నీ వెళ్ళిపోయాయి. గుండీ మాత్రం లేదు. రెండోసారి పిలిచాను, కాస్త గొంతు పెంచి. అప్పుడే గూడ్సు బండి వస్తోంది. యాభై పెట్టెలు, నిండా బొగ్గు. అది ఆగిపోయింది! డ్రైవర్ దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, 'ఎవరండీ ఎర్రలైటు లేకుండా బండి ఆపింది?' అన్నాడు. 'నేనే బాబూ, మా చెల్లెలి కుక్క కోసం' అన్నాను. ఆయన టోపీ తీసేశాడు. 'అలా అయితే కూత వెయ్యనండీ, కుక్క బెదురుతుంది' అని బండిని వెనక్కి, రెండు స్టేషన్ల అవతలికి తీసుకుపోయాడు. బాధ్యత తెలిసిన మనిషి."

"వెనక్కా?" అన్నాను.

"వెనక్కే. నీ పోస్టర్లలా కాదు, ఒక్క తప్పు లేకుండా వెళ్ళింది. ఇక మూడోసారి. అసలు సంగతి ఇక్కడుంది, వినండి. ఊపిరి పీల్చుకున్నాను. చుట్టుపక్కల చెట్ల ఆకులు నా వైపుకి వంగాయి. పిలిచాను. ఆ పిలుపు ఏరు దాటింది, ఏటవతల ఊళ్ళు దాటింది, కొండకి తగిలింది. కొండ దాన్ని మొయ్యలేక తిప్పి పంపింది. అది వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. నేను అక్కడే నిలబడి ఎదురుచూశాను. వచ్చింది. కానీ ఒంటరిగా రాలేదు. దాని వెనకాలే సన్నగా ఒక మొరుగు. మన గుండీ! పంతొమ్మిది మైళ్ళ అవతల నుంచి! ఆ మొరుగులో ఏముందో నాకు తెలిసిపోయింది. 'మామయ్యా, బతికే ఉన్నాను, వస్తున్నాను, అమ్మని మెట్ల మీంచి లేచి అన్నం తినమను' అంది."

చివరి మాట దగ్గర బాబాయ్ గొంతు వణికింది. అది మాత్రం కోత కాదు.

"అందుకే చెప్తున్నాను బావా," అంటూ టైలర్ మామ వైపు తిరిగాడు. "ఇంకో గంట, మహా అయితే రెండు గంటలు. నువ్వు ఇంటికెళ్ళి చెల్లెలితో చెప్పు, అన్నయ్య పిలిచాడు, గుండీ పలికింది అని."

టైలర్ మామ గ్లాసు కింద పెట్టాడు. "ఎన్నింటికి పిలిచావు బావా?"

"రెండున్నర అయ్యుంటుంది."

"గోడౌన్ల దగ్గర ఎక్కడ నిలబడ్డావు?"

"ఎక్కడంటే, అదే, మధ్యలో. ఖాళీ స్థలముంది చూడు."

"అక్కడ నేనున్నాను," అన్నాడు మామ. "పన్నెండింటి నుంచి అక్కడే ఉన్నాను. ఎవరూ రాలేదు."

బాబాయ్ భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

మామ కోపంగా ఏమీ మాట్లాడలేదు. కుట్టు తప్పిన చోటు చూపించేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే చెప్పుకుంటూ పోయాడు. "ఆ స్థలంలో సిమెంటు గొట్టాలు పడున్నాయి. గుండీ వాటిల్లో ఉంది. కళ్ళు మెరిస్తే చూశాను. డాక్టరమ్మ చెప్పినట్టే నా మాసిన చొక్కా నేల మీద పరిచి, పక్కకి తిరిగి కూర్చున్నాను. పిలవలేదు. దాని వైపు చూడలేదు. దోమలు పీకుతున్నా చెయ్యి కదపలేదు. గంటకి తల బయటపెట్టింది. ఇంకో గంటకి బయటికొచ్చింది. ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి బావా, ఎన్ని ఫిట్స్ వచ్చాయో పాపం. చివరికి చొక్కా మీద ముక్కు పెట్టింది. దాని ఊపిరి నా మోచేతికి తగిలింది. మాత్ర వెన్నలో పెట్టి అరచేతిలో ఉంచుకున్నాను. ఇంకొక్క నిమిషం ఆగితే పట్టుకునేవాణ్ణి."

గ్లాసులు కడుగుతున్న టీ అక్క చేతులు తుడుచుకుని నిలబడిపోయింది.

"అప్పుడు నీ గొంతు వినిపించింది. నువ్వు రాలేదు బావా, నీ గొంతొచ్చింది. గుండీ అని. ఒకసారి కాదు, ఆగకుండా."

బాబాయ్ మోకాళ్ళ మీద చేతులు వేసుకున్నాడు. తర్వాత, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో, "మా మేడ మీద నుంచి పిలిచాను," అన్నాడు. "మోకాళ్ళు. చీకట్లో ఆ మెట్లు దిగి ఊరంతా తిరగడం నావల్ల కాలేదు. మీరంతా తిరుగుతుంటే నేను మంచం మీద పడుకోవాలా? చెల్లెలికి ఏం ముఖం చూపించను? ముప్పై ఏళ్ళు నేను పిలిస్తే జనం పరిగెత్తుకుంటూ వచ్చారు బావా. ఇదీ వస్తుందనుకున్నాను."

"వాళ్ళకి బస్సు కావాలి. దీనికి చడీచప్పుడూ లేని చోటు కావాలి."

మామూలు రోజైతే మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవని ఎవరో ఒకరం దెప్పేవాళ్ళం. ఆ పూట ఎవరి నోటా ఆ మాట రాలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

"మీ మేడ నుంచి ఆ స్థలానికి కిలోమీటరున్నర," అన్నాడు టైలర్ మామ లేస్తూ. "మధ్యలో రైలు కట్ట కూడా ఉంది. ఇన్నేళ్ళూ నీ గొంతు గురించి నువ్వు చెప్తుంటే కోతలనుకున్నాం. అదొక్కటే నిజం బావా."

బాబాయ్ కళ్ళు తుడుచుకోలేదు. అవి కారుతున్నట్టు ఆయనకి తెలిసినట్టు కూడా లేదు.

"ఎటు పోయింది?" అని అడిగాడు.

"మళ్ళీ గొట్టాల్లోకే దూరింది. పగలు బయటికి రాదు, దగ్గరికెళితే అవతలి చివర నుంచి పరుగు తీస్తుంది. ఈ రాత్రి వెళ్ళి మళ్ళీ కూర్చుంటాను. ఇంకా బతికుంటే వస్తుంది. రేపటి దాకా ఆగదు బావా, ఈ రాత్రే దానికి ఆఖరు. నీకు దండం పెడతాను, ఈ ఒక్క రాత్రి నోరు తెరవకు."

బాబాయ్ తలూపాడు. మామ చొక్కా భుజాన వేసుకుని ఇంటి వైపు వెళ్ళిపోయాడు.

కాసేపయ్యాక టీ అక్క పొయ్యి మంట తగ్గించి అడిగింది. "బాబాయ్, టీ పొయ్యనా?"

ఆయన గోడౌన్ల వైపు ఒకసారి చూశాడు. అప్పటికింకా ఏడు కూడా కాలేదు, ఎండ బల్ల మీదికి రాలేదు, రాత్రికి ఎంతో టైముంది. పెదవులు బిగించి, ఒక వేలు చూపించాడు.